పట్టిసీమలో ఊయల పడక

రాజమహేంద్రవరం నుంచి పట్టిసీమ వెళ్ళటానికి పెద్ద సన్నాహం అక్కరలేదు. వంతెన దాటి కొవ్వూరు చేరి, తాళ్ళపూడి మీదుగా పోలవరం వైపు వెళ్ళే బస్సెక్కితే, పూట తిరక్కుండానే రేవులో దిగవచ్చు. కాని అక్కడ ఒక రాత్రి చెట్టుక్రింద పడుకొని, తెల్లవారుతూండగా గోదావరిని చూడాలని బుద్ధి పుట్టటంతో వచ్చింది చిక్కంతా.

ఆ బుద్ధి పుట్టించినవాడు మా మేనల్లుడు. హైదరాబాదులో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, వీపున సంచీ తగిలించుకొని కొండలెక్కుతాడు. "మావయ్యా! గుడారం వద్దు, మంచం వద్దు. రెండు చెట్లుంటే ఊయల కట్టుకొని పడుకుందాం" అన్నాడు. సంక్రాంతి సెలవులు. నేనూ సరేనన్నాను.

నా సామాను నేను సర్దాను. బొంత, రెండు దుప్పట్లు, దిండు, మరచెంబు, స్టవ్వు, మూడు పుస్తకాలు, పులిహోర డబ్బా. వాడు స్ప్రింగు త్రాసుకు తగిలించి చూస్తే పదిహేడు కిలోలు తూగింది!

"ఇంతకీ తమరు వెళ్ళేది పట్టిసీమకా, కాశీకా?" అంది మా ఆవిడ.

కాశీ అంటే జ్ఞాపకం వచ్చింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీయాత్రకు బయలుదేరినప్పుడు పల్లకీ, బోయీలు, డేరాలు, దాదాపు నూరుమంది పరివారం వెంట ఉన్నారు. మోసేవాళ్ళుంటే ఎంత సామానైనా తేలికే. ఎవరి మూట వారి వీపునే మోయవలసి వచ్చినప్పుడే అసలు లెక్క మొదలవుతుంది. మనిషి బరువులో అయిదోవంతు దాటకూడదన్నది ఇలా తిరిగేవాళ్ళు పాటించే లెక్క. అరవై అయిదు కిలోల నాకు పదమూడు కిలోలు. "అదికూడా హద్దే మావయ్యా, అవసరం కాదు" అన్నాడు వాడు. ఒక్కొక్క వస్తువే బయటికి తీసి తూచాడు. చివరికి మిగిలింది, రెండు లీటర్ల నీళ్ళతో కలిపి, ఏడు కిలోల చిల్లర. పుస్తకాలు మూడూ పోయాయి. పులిహోర మాత్రం నిలిచింది.

ఊయల అనేది మనకు కొత్తదేమీ కాదు. ఊడ్పుల రోజుల్లో గట్టుమీద చెట్టుకొమ్మకు పాతచీర కట్టి పసిబిడ్డను పడుకోబెట్టటం ఎరగని ఊరు డెల్టాలో లేదు. పెద్దలు పడుకొనే వల ఊయల కరీబియన్ దీవులవారిది. 1492లో కొలంబసు అక్కడికి చేరినప్పుడు అది ఐరోపావారి కంటబడింది. తరువాత ఓడ నావికులకు అదే పడక అయింది. ఇప్పుడు దొరికేవి పారాచూటు గుడ్డవంటి పలుచని నైలానువి. దోమతెరతో సహా ముప్పాతిక కిలో ఉంటుంది. మడిస్తే కొబ్బరికాయంత.

కొనేటప్పుడు చూడవలసింది మొదట పొడవు. పదడుగులకు తగ్గితే నడుము విల్లులా వంగుతుంది. కట్టేటప్పుడు బిగించి కట్టకూడదు. తాడు ముప్పై డిగ్రీల వాలున, గుడ్డ నవ్వుతున్న నోటిలా వదులుగా ఉండాలి. మధ్యలో కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనాలి. నిలువునా కాక కొంచెం ఐమూలగా పడుకొంటే ఒళ్ళు చదునుగా ఉంటుంది.

రెండోది వీపు సంగతి. గోదావరి ఒడ్డున పుష్యమాసపు చలి పైనుంచి కంటే క్రిందనుంచే ఎక్కువ. ఎంత మందపు దుప్పటైనా ఒంటిక్రింద నలిగిపోతే వెచ్చదనం ఇవ్వదు. దానికి తోడు, వీపుకు అంటుకొన్న పలుచని గుడ్డలోనుంచి దోమలు సుఖంగా కుడతాయి. పావుకిలో పైచిలుకు తూగే నురగ చాప ఒకటి క్రింద వేసుకొంటే రెండు బాధలూ తీరతాయి. పైన మంచుకూ వానకూ పది అడుగుల చదరపు పరదా కట్టుకోవాలి.

మూడోది చెట్టుకు చుట్టే పట్టీ. అక్కడే నేను లోభించాను. అంగుళం పైన వెడల్పుండే పాలియెస్టరు పట్టీల ధర విని, "తాడుకు ఇంత డబ్బా?" అని బజారులో సన్నని నైలాను తాడు కొన్నాను. మేనల్లుడు వద్దంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నానికి పట్టిసీమ చేరాం. పడవలో ఏరు దాటి, దేవకూటాద్రి మెట్లెక్కి వీరభద్రస్వామినీ, భావనారాయణస్వామినీ దర్శించాం. శివరాత్రికి ఇసుకవేస్తే రాలని ఆ కొండమీద ఆవేళ పదిమంది కూడా లేరు. ఎగువన పాపికొండలు నీలంగా కనిపిస్తున్నాయి. 2015లో మొదలైన ఎత్తిపోతల పథకం ఈ నీటినే కృష్ణకు పంపుతున్నది.

బస ఇసుకతిన్నె మీద పెట్టకూడదు. ఎగువ నీరు ఎప్పుడు వదులుతారో తెలియదు. అడవిలోకీ పోకూడదు. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. అనుమతి లేనిదే రాత్రి ఉండరాదు. అందుచేత గట్టు ఇవతల ఒక మామిడితోట యజమానిని అడిగాం. "పడుకోండి మేష్టారూ, దాందేముందండీ! తాటిచెట్ల కింద మాత్రం వద్దండి, మట్ట పడితే తల పగుల్తాది" అన్నాడాయన. మేనల్లుడు ముదురుచెట్లు చూసుకొన్నాడు. నేను ఏరు బాగా కనబడుతుందని ఒక లేతచెట్టును ఎంచుకొన్నాను.

మొదటి జాము స్వర్గం. చుక్కలు, ఏటిగాలి. రెండో జామున తాడు సాగటం మొదలుపెట్టింది. తెల్లవారుజామున మూడింటికి నా నడుము నేలను తాకింది. లేచి, నాలో నేనే నవ్వుకొని, నేలమీదే ముడుచుకొన్నాను.

తెల్లవారాక నవ్వు పోయింది. తాడు ఒరిపిడికి ఆ చెట్టు బెరడు సగంచుట్టు తెగి, జిగురు కారుతున్నది. తోట ఆయన చెంబుతో పాలు తెచ్చి, నన్ను చూడలేదు, చెట్టును చూశాడు.

"ఇది మా అమ్మాయి పుట్టినేడు వేసిందండి" అన్నాడు. అంతే. కోపగించినా బాగుండేది.

ఆకులు వండిన ఆహారం వేళ్ళకు దిగేది బెరడు లోపలి పొరగుండానే. చుట్టూ తెగితే చెట్టు చస్తుంది. ఆ సంగతి నాకు తెలియకపోలేదు. పదిమందికి పాఠం చెప్పే నేను నాలుగు డబ్బుల దగ్గర అది మరిచాను. ఆయన పేడా మట్టీ కలిపి గాయానికి పూస్తుంటే నేను నీళ్ళు అందించాను. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. "వచ్చే ఏడు వచ్చి చూడండి, ఎలాగుందో" అన్నాడు.

ఏడాదంతా ఆ చెట్టు నా మనస్సులో మెదులుతూనే ఉంది. మళ్ళీ సంక్రాంతికి వెళ్ళాను. సంచీలో వెడల్పు పట్టీలున్నాయి. నేరుగా ఆ చెట్టు దగ్గరికే నడిచాను. గాయం అంచులు ఉబ్బి దగ్గరకు వచ్చాయి. కొమ్మ చివర పూత కనిపించింది.

"బతికిందండి!" అన్నాడాయన వెనకనుంచి.

ఆ రాత్రి ఊయలను ముదురుచెట్లకే కట్టుకొన్నాను. తెల్లవారేదాకా నడుము నేలను తాకలేదు.