కాలవ గట్టు దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చిన క్రేఫిష్

ఈసారి పోస్టు వరి గురించి కాదు, ఎరువుల గురించీ కాదు. మా హాల్లో ఉన్న చేపల తొట్టి గురించి. చివరికి మన పొలం గట్టు దగ్గరికే వస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా మనవడు వేసవి సెలవులకి వస్తూ విజయవాడలో చేపల షాపు నుంచి ఒక నీలం రంగు జీవిని కవర్లో పట్టుకొచ్చాడు. "తాతయ్యా, బ్లూ లాబ్‌స్టర్" అన్నాడు. లాబ్‌స్టర్ సముద్రంలోది. ఇది మంచినీటిది, అసలు పేరు క్రేఫిష్. ఒళ్లు రొయ్యలా ఉంటుంది, ముందు మాత్రం పీతకున్నట్టు రెండు పెద్ద కొండీలు. మన నీళ్లలో పుట్టిన జాతి కాదు. చేపలతో కలిపి పెంచుకోవచ్చని షాపతను చెప్పాడట. మా తొట్టి రెండడుగులది, అందులో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. సరే అని వదిలాం.

పగలంతా పెంకు ముక్క కింద దాక్కునేది. మనం లైటు తీసి పడుకున్నాక దాని తిరుగుడు మొదలు. నాలుగో రోజు పొద్దున చూస్తే ఒక చేపకి తోక సగం లేదు. వారం తిరిగేసరికి ఒక చేపే లేదు, అడుగున ముళ్లు కనిపించాయి. పిల్లోడు ఏడుపు. దాని తప్పేముంది? చేప రాత్రి అడుగుకొచ్చి కదలకుండా ఉంటుంది, ఇది అడుగున తిరిగే జీవి. అందింది తింటుంది.

ఇంకో రోజు చూస్తే తొట్టిలో రెండు క్రేఫిష్‌లు! ఒకటి ఉత్త డొల్ల. గుల్ల విడిచిందన్నమాట. రొయ్యల చెరువులున్నోళ్లకి ఇది తెలిసిందే. డొల్ల తీసి పారేయబోతే మా పక్కింటి తమ్ముడు, "ఉంచన్నా, దాన్ని అదే తింటది, కొత్త గుల్ల గట్టిపడాలంటే ఆ సున్నం కావాలి" అన్నాడు. ఆ రెండు మూడు రోజులు దాని ఒళ్లు మెత్తగా ఉంది, బయటికి రాలేదు. ఇప్పుడు చేపలు పెంకు కిందికి వెళ్లి దాన్ని పొడుస్తున్నాయి. గట్టిగా ఉన్నప్పుడు చేపలకి భయం, మెత్తబడితే దానికి భయం. ఇక కలిసి బతకడం ఎక్కడ?

తర్వాత ఒక చేపకి ఒంటి మీద తెల్ల మచ్చలొచ్చాయి. మందు తెచ్చి పోయబోతూ సీసా చదివాను. అందులో రాగి ఉంది. మన మైలుతుత్తంలో ఉండేదే. చేప తట్టుకునే మోతాదు కూడా క్రేఫిష్, రొయ్య జాతుల ప్రాణం తీయొచ్చు. చేపను బకెట్లోకి మార్చి విడిగా మందేశాను.

ఆఖరికి ఒక రాత్రి అది గాలి గొట్టం పట్టుకుని పైకెక్కి బయటపడింది. పొద్దున బియ్యం బస్తా వెనక దొరికింది, బతికే ఉంది! మొప్పలు తడిగా ఉన్నంతసేపు నేల మీద కూడా నడవగలదు. మా ఆవిడకి విసుగొచ్చింది. "కాలవలో వదిలేసి రండి, పుణ్యముంటది" అంది. షాపతను వెనక్కి తీసుకోనన్నాడు. నాకూ అదే బాగుందనిపించి బకెట్ పట్టుకుని బయల్దేరాను.

కాలవ గట్టు మీద ఎవరో వలలో పడ్డ దెయ్యం చేపను పారేసి వెళ్లారు. ఒళ్లంతా గట్టి పలకలు. వలలు చింపేది, చెరువుల్లో మేత తినేది అదేగా. దాని సొంతూరు దక్షిణ అమెరికా. గాజు తొట్టెల్లో పాచి తింటుందని తెచ్చుకున్నదే ఇది. పెద్దదయ్యాక ఎవరో నాలాగే బకెట్ పట్టుకుని వచ్చి ఉంటారు. నా కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి వచ్చేశాను.

ఆ రాత్రి మనవడితో ఫోన్లో వెతికించాను. 1970ల్లో స్పెయిన్ వాళ్లు వ్యాపారం కోసం అమెరికా నుంచి ఎర్ర క్రేఫిష్ తెచ్చి సెవిల్ దగ్గర వరి పండే చోట వదిలారు. వ్యాపారం జరిగింది, కానీ అది గట్లకి బొక్కలు పెట్టింది, లేత వరినీ తింది. అది పుట్టిన లూసియానాలో మాత్రం రైతులు వరి కోశాక అదే మడిలో దాన్ని పెంచి అమ్ముకుంటున్నారు. ఇంకో రకం 1990ల్లో జర్మనీ తొట్టెల్లో బయటపడింది. అన్నీ ఆడవే, మగదానితో పనిలేకుండా పిల్లలు పెడతాయి. అది మడగాస్కర్ వరి పొలాల దాకా పాకింది. అంటే ఒక్కటి వదిలినా చాలు.

మా ఇంట్లోది ఏ రకమో నేను పోల్చలేను. అదే కదా అసలు భయం. ఒక్క పీత బొక్క పెడితేనే రాత్రికి రాత్రి మడిలో నీళ్లు పక్కోడి చేలోకి పోతాయి. మన గట్లకి ఇంకో శత్రువుని మనమే తెచ్చుకోవాలా?

ఇప్పుడు దాన్ని వేరే టబ్బులో ఒక్కదాన్నే పెట్టాను. పైన జల్లెడ మూత, దాని మీద ఇటుక. పురుగుమందు కొట్టని ఆకుకూర, అప్పుడప్పుడు చేపల మేత. మనవడు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి నా కంటే ముందు దాని క్షేమం అడుగుతున్నాడు.

మీ పిల్లలు తెచ్చుకుంటే తిట్టకండి. చేపలతో కలపకుండా విడిగా పెంచండి. వద్దనుకుంటే షాపుకో, జాగ్రత్తగా పెంచేవాళ్లకో ఇవ్వండి. కాలవలో, చెరువులో మాత్రం వదలొద్దు. అది పుణ్యం కాదు.