పెడన గుడ్డలు, గుడివాడ అరువులు

ఎంబీఏ చదివే పిల్లలున్న ఇళ్లలో వేసవి వచ్చిందంటే "ప్రాజెక్టు" అనే మాట వినబడుతుంది. మీ ఇంట్లోనూ వినే ఉంటారు. 45 రోజులు ఏదైనా సంస్థలో పనిచేసి, ఏం నేర్చుకున్నారో రాసి కాలేజీలో ఇవ్వాలి. ఏర్పాటు మంచిదే. కానీ మా అమ్మాయి స్నేహితుల్లో చాలామంది జిరాక్స్ షాపులో మూడు వేలిచ్చి, బైండింగుతో సహా తయారుగా ఉన్న రిపోర్టు కొనేసుకున్నారు. పైన పేరు మార్చుకుంటే చాలట.

మా ఆయనా అదే అన్నారు. "మూడు వేలతో పోయేదానికి ఆడపిల్లని మే నెల ఎండల్లో తిప్పడం ఎందుకు?"

నాకు మనసొప్పలేదండీ. రెండేళ్ల ఫీజు కట్టి, చివరికి ఆ కాగితం కూడా కొనుక్కుంటే ఇక చదివిందేమిటి? నాకు చీటీ పాట డబ్బు 20,000 వచ్చి ఉంది. అది దాని చేతిలో పెట్టి, "నువ్వే ఏదైనా కొని, అమ్మి, అది రాయి. డబ్బు మాత్రం నాకు తిరిగి రావాలి" అన్నాను. మా ఆయన మూడు రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

అది నవ్వి ఒక సంగతి చెప్పింది. అమెరికాలో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చాలా ఏళ్లు పాఠమంటే ఏదో ఒక కంపెనీకి వచ్చిన చిక్కు చదివి, క్లాసులో వాదించుకోవడమేనట. 2011లో దానికి తోడు పిల్లల్ని జట్లుగా చేసి, కొంచెం సొమ్మిచ్చి, చిన్న వ్యాపారం పెట్టించడం కూడా మొదలుపెట్టారట. "అక్కడ పెట్టుబడి కాలేజీ ఇచ్చిందమ్మా, ఇక్కడ నీ చీటీ పాట" అంది.

అంతదూరం ఎందుకు, మా బందరుకి ఇది కొత్తా? 1910లోనే ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినవాళ్లు పుస్తకాల చదువుతోపాటు చేతిపనులూ నేర్పాలనుకున్నారు. వాళ్లలో ఒకరైన పట్టాభి సీతారామయ్యగారు చదివింది వైద్యం. ఈ ఊళ్లో డాక్టరుగా ఉన్న మనిషే 1923లో లక్ష రూపాయల మూలధనంతో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కానీ, మా అత్తగారు ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు.

సరే, అమ్మాయి పెడన కలంకారీ ఎంచుకుంది. ముందు రెండు రోజులు ఏమీ కొనకుండా అద్దకం పని జరిగేచోట నిలబడి చూసింది. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేయడం, టేకు అచ్చులతో అద్దడం, ఇనుము బెల్లం నీళ్లలో ఊరబెట్టి నలుపు చేయడం, ఎరుపు కోసం పటిక వాడటం, పారే నీళ్లలో ఉతకడం, మళ్లీ రంగులో ఉడికించడం. ఇన్ని పనులున్న గుడ్డ ధరకీ, స్క్రీను మీద ఒక్క పూటలో అద్దేసిన గుడ్డ ధరకీ తేడా ఎందుకో అక్కడ తెలిసింది దానికి. ఆ పని చేయించే పెద్దాయనే కాలేజీకి ఉత్తరం కూడా రాసిచ్చారు. సగటున 450 చొప్పున 30 డ్రెస్ పీసులు, 1,300 చొప్పున 5 చీరలు కొంది. నా 20,000 సరిగ్గా అయిపోయాయి.

బందరులో అమ్మకం బాగానే సాగింది. పీసు 600, చీర 1,700. చిక్కంతా గుడివాడలో వచ్చింది. అక్కడ మా పెద్ద ఆడపడుచు ఉంటారు. ఆవిడకి వీధి వీధంతా తెలుసు. "ఇలా ఇచ్చి వెళ్లవే, నేను చూసుకుంటాను" అని 8 పీసులు, 3 చీరలు తీసుకున్నారు. మూడు వారాలైనా డబ్బు రాలేదు. అడిగితే, "ఇంటి పిల్లవి, నాతో లెక్కలేమిటే" అన్నారట. అంటే 9,900 అక్కడే ఆగిపోయింది. మళ్లీ సరుకు కొందామంటే చేతిలో సరిపడా డబ్బు లేదు. దీన్నే పుస్తకంలో వర్కింగ్ కాపిటల్ అంటారని, పరీక్షలో దాని మీద మంచి మార్కులే తెచ్చుకున్నానని చెప్పి, పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

నా పరిస్థితి మీకు చెప్పక్కర్లేదు. వదినగారిని నేను అడిగితే అదొక గొడవ. మా ఆయన "వదిలేయండి, అక్కతో మాట రానీకండి" అన్నారు. నేను వదలమనీ అనలేదు, అడగమనీ అనలేదు. పరీక్ష దానిది.

అది ఆ వారం మా పుట్టింటికి వెళ్లింది, అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. అక్కడా అమ్ముదామని మూట పట్టుకెళ్లింది. మా అమ్మ చూసి, "మాసూళ్లయ్యాక రావే. జూన్లో దివిసీమలో ఎవరి చేతిలో డబ్బుంటుంది? దుక్కికీ, పిల్లల బడి ఫీజులకీ చాలడం లేదు" అంది. ఒక్కటీ అమ్ముడుపోలేదు. కానీ ఆ సాయంత్రం అమ్మతో డ్వాక్రా సమావేశానికి వెళ్లింది. పదో తరగతితో ఆపేసిన ఒకామె పుస్తకం రాస్తోంది. అప్పు అడిగిన ప్రతి మనిషినీ ఎందుకు, ఎప్పుడు కడతావు, ఎలా కడతావు అని అందరి ముందూ అడుగుతున్నారు. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోవడం లేదు. అడిగేది పుస్తకం కాబట్టి.

తిరిగొచ్చి నేరుగా గుడివాడ వెళ్లింది. "అత్తయ్యా, కాలేజీలో చూపించడానికి ఈ పుస్తకం రాయాలి. నువ్వు అమ్మిపెట్టిన ప్రతి వంద రూపాయల్లో పది నీవి. ఎవరెవరు తీసుకున్నారో, ఎవరిచ్చారో నువ్వే చెప్పు, రాస్తాను" అంది. వదినగారు ఆ రోజే ఇంటింటికీ బయల్దేరారు! మూడో రోజుకి పైసాతో సహా వసూలు. నాకు నవ్వూ వచ్చింది, కాస్త కుళ్లూ వచ్చింది. పాతికేళ్ల కాపురంలో నాకు తట్టలేదే ఈ ఉపాయం అని.

చివర ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. బస్సులు, ఆటోలు, కవర్లు కలిపి 1,400. అత్తయ్య కమీషన్ 990. తక్కువకి దొరికాయని వేరేచోట కొన్న రెండు పీసులు మొదటి ఉతుకులోనే రంగు వదిలేశాయి, వాళ్లకి తిరిగిచ్చినవి 1,200. అమ్ముడుపోని పీసులు నాలుగు బీరువాలో ఉన్నాయి. నా 20,000 నాకిచ్చేశాక మిగిలింది 510 రూపాయలు.

"45 రోజులకి 510! ఇందులో నా కూలి ఎక్కడమ్మా?" అంది. దానిమాటకేం గానీ, మన కూలి లెక్క ఎవరు కట్టారని!

మా ఆయన ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. పీసు 600కి కాదు, 680కి అమ్మాల్సింది అన్నారు. కాదు నాన్నా, ఆ ధరకి బందరులో ఎవరూ కొనరు, చీరలే ఎక్కువ తేవాల్సింది అని అది. రాత్రి పదకొండు దాకా తండ్రీ కూతుళ్ల వాదన. అన్నాలు వడ్డించేసి నేను పడుకున్నాను.

రిపోర్టు 38 పేజీలే వచ్చింది. మిగతావాళ్లవి 80, 90. వైవాలో ఒక సారు పేజీలు చూసి పెదవి విరిచారట. రెండో సారు మాత్రం పుస్తకం తిప్పుతూ అత్తయ్య పేజీ దగ్గర ఆగి, ఇరవై నిమిషాలు దాని మీదే అడిగారట.

మొన్న దసరా ముందు వదినగారు ఫోన్ చేశారు. సరుకు ఎప్పుడొస్తుందని. ఫోన్ దానికిచ్చాను. "తెస్తాను అత్తయ్యా, ఈసారి సగం ముందే ఇవ్వాలి" అంటోంది.