బందరు కాలువ గట్టున

పోయిన యేడు ఆగస్టులో, విజయవాడలో చదువుకొంటున్న మా పెద్దమ్మాయిని చూడటానికి వెళ్ళాము. హాస్టలు వారు గంటకంటె ఎక్కువ ఉండనివ్వలేదు. నల్గొండ బస్సుకు ఇంకా మూడు గంటలున్నది. ఏమి తోచక ప్రకాశం బ్యారేజీ చూసి, అక్కడినుండి బందరు కాలువ వెంబడి కృష్ణలంక వైపు నెమ్మదిగా నడిచాము.

మెట్ట ప్రాంతపు వాళ్ళకు ఆ ఊరు ఒక వింత. బ్యారేజీ దగ్గర కృష్ణ నీళ్ళు బందరు, ఏలూరు, రైవస్ అని మూడు కాలువలై ఇండ్ల మధ్యకే వచ్చేస్తాయి. 1855 నాటికే ఇక్కడ ఆనకట్ట కట్టారు. అది 1952లో తెగితే, 1957 నాటికి ఈ బ్యారేజీ లేచింది. వెనుకటి దినాలలో ఈ కాలువల మీద పడవలలో ధాన్యము, ఉప్పు, మనుషులు కూడ పోయేవారట. ఇప్పుడు పడవలు లేవు గాని నీళ్ళు మాత్రం నిండుగా, మట్టిరంగులో, తొందరగా పోతున్నాయి. గట్టు మీద చిన్న చిన్న ఇండ్లు, గుమ్మాల ముందు కుండీలలో బంతిమొక్కలు. ఒక తల్లి మెట్ల మీద కూర్చొని బిడ్డకు తల దువ్వుతున్నది. ఎవరూ నీళ్ళవైపు చూడటం లేదు. మేమే నిలబడి నిలబడి చూశాము.

ఈ నీళ్ళు మా జిల్లా అంచునే దాటి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్‌కు పునాదిరాయి వేశారు. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి. ఎత్తున ఉన్న మా మర్రిగూడ వైపు ఆ నీళ్ళు ఎక్కలేదు. మేము బోరునీళ్ళు త్రాగి పెరిగాము, వాటితో పాటు ఫ్లోరైడు కూడ. మా నాయన నలభై యేండ్లకే వంగిపోయాడు. మెడ తిరిగేది కాదు. వెనుకనుండి పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు.

ఇవి తలచుకొంటూ నడుస్తూ ఉండగా, ఒక టిఫిన్ బండి అతను ఎంగిలి విస్తళ్ళ బక్కెట ఎత్తి కాలువలో గుమ్మరించాడు. మాకు ప్రాణం చివుక్కుమన్నది. రెండు మాటలు అడుగుదామని ముందుకు పోబోతే, మా ఆవిడ చెయ్యి పట్టుకొన్నది.

"మరి మన బోరు సంగతేందండి?" అన్నది మెల్లగా.

ప్రియ చదువరులారా, ఆ సంగతి చెప్పక తప్పదు. చాల యేండ్ల క్రిందట కానుకల డబ్బుతో మందిరం ఆవరణలో బోరు వేయించాము. వీధి వీధంతా బిందెలతో వచ్చేది. మాకు అది గొప్పగా ఉండేది. తరువాత నీళ్ళు పరీక్షకు పంపిస్తే, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడు మూడు దాటి ఉన్నదని కాగితం వచ్చింది. ఆ కాగితాన్ని పెట్టె అడుగున పెట్టాము. మందిరానికి చెడ్డపేరు వస్తుందని అనుకొన్నాము. మా ఇంటికి మాత్రం ప్లాంటు నీళ్ళ క్యాను తెప్పించుకొన్నాము. 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణ నీళ్ళు మా వీధికి వచ్చేదాకా రెండు యేండ్లు జనం ఆ బోరే కొట్టుకొన్నారు. అప్పటి పిల్లలలో కొందరి పండ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ముగ్గురికి మేమే బాప్తిస్మమిచ్చాము.

టిఫిన్ బండి దగ్గరే రెండు ఇడ్లీలు తిని, టీ త్రాగాము. అతను మంచి మనిషే. మాది నల్గొండ అని తెలిసి, "మీ ఊళ్ళో నీళ్ళకి ఇబ్బందటగా అండీ?" అని అడిగాడు. ఇప్పుడు నళ్ళా వచ్చిందని మా ఆవిడ చెప్పింది. మేము డబ్బులిచ్చి లేచాము. బస్సులో ఇద్దరమూ మాట్లాడుకోలేదు.

ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఎవరినీ లేవవద్దన్నాము. పెట్టె అడుగునుండి తీసిన కాగితం చదివి, జరిగినది జరిగినట్టు చెప్పాము. క్యాను సంగతి కూడ చెప్పాము. అదే అన్నిటికంటె కష్టమైనది. మందిరంలో చప్పుడు లేదు. ఒక తల్లి తన కొడుకును దగ్గరకు లాక్కొని, మావైపు చూడకుండానే బయటికి వెళ్ళిపోయింది.

చివరికి సంఘపెద్దలలో ఒక ముసలాయన కర్ర ఆనించుకొని లేచాడు. ఆయన నడుము కూడ మా నాయన నడుము లాంటిదే.

"క్యాను సంగతి మాకెర్కనే అయ్యగారూ. మీరెప్పుడు జెప్తరో అని జూస్తున్నం" అన్నాడు.