అమ్మ పిన్నీసు

ఆడదాని మెడలో పుస్తెలతాడు దేనికీ అని ఎవరైనా అడిగితే, పిన్నీసులు తగిలించుకోవడానికి అనేది మా అమ్మ. హాస్యానికే అన్నా, ఆవిడ గొలుసుకి ఎప్పుడూ నాలుగైదు వేలాడుతూనే ఉండేవి. జాకెట్టు హుక్కు ఊడినా, సంచీ పట్టీ తెగినా, పిల్లాడి కాల్లో ముల్లు దిగినా, పెళ్ళిపందిట్లో అందరూ అమ్మ మెడ వంకే చూసేవారు.

వాటిలో ఒక పిన్నీసు నా దగ్గర పదిహేనేళ్ళుంది, ఎనిమిది కుట్లని పట్టుకుని.

ఊలు అల్లిక తెలిసినవాళ్ళకి ఈ మాట చాలు. తెలియనివాళ్ళకి కొంచెం చెబుతాను. మిషను మీద కుట్టే బట్టయితే ఎక్కడ ఆపినా ఆగుతుంది. అల్లిక అలా కాదు. సూది మీదున్న ప్రతి కుట్టూ నోరు తెరుచుకున్న ఉచ్చే. హిందీవాళ్ళు దాన్ని 'ఫందా' అనే అంటారు. సూదిలోంచి ఒకటి జారిందా, దానికింది కుట్టు, ఆ కిందిది, నిచ్చెన మెట్లలా విడిపోతూ పోతుంది. పోనీ అన్నీ ఒక్కసారే అల్లేద్దామా అంటే కుదరదు. మెడ దగ్గర కొన్ని, బొత్తాల పట్టీకి కొన్ని, తర్వాత అల్లడానికి పక్కన పెట్టాలి. అందుకు బజార్లో స్టిచ్ హోల్డర్ అని దొరుకుతుంది. చూడ్డానికి జానెడు పొడుగు పిన్నీసే. లేకపోతే కుట్లలోంచి ఓ దారం పోనిచ్చి ముడేస్తారు. కుట్లు సూది చివర్నించి జారకుండా పెన్సిలు రబ్బరు ముక్క గుచ్చేవాళ్ళనీ, జడల డిజైను అల్లుతూ నాలుగు కుట్లు తలపిన్నుకి ఎక్కించేవాళ్ళనీ కూడా చూశాను. ఆడవాళ్ళ తెలివికేం, చేతికందిందల్లా పనిముట్టే!

ఇదంతా నేను ఢిల్లీలో నేర్చుకున్నాను. మావారి ఉద్యోగం అక్కడ. ఆర్.కె.పురం క్వార్టర్సులో చలికాలం వస్తే, మధ్యాహ్నం ఎండలో ఆడవాళ్ళంతా మంచాలు వేసుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ 'సీదా, ఉల్టా' మొదలుపెట్టేవారు. పక్కింటి పంజాబీ ఆవిడ నాకు గురువు. 2008 డిసెంబర్లో అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది, రెండేళ్ళ మనవరాల్ని చూసుకోవడానికి. గోదావరి గట్టున పుట్టిన మనిషికి ఆ చలేం ఆగుతుంది? రెండు దుప్పట్లు కప్పుకుని కూర్చునేది. నీకో స్వెట్టరు అల్లుతానమ్మా అన్నాను. "నాకెందుకే, ముసలిముండకి సోకులూ!" అంది. అంటూనే బూడిదరంగు వద్దు, మెరూన్ తీసుకోమంది.

చీరమీదికి కాబట్టి ముందువైపు బొత్తాలుండాలి. అంచులు పన్నెండో నంబరు సూదులతో, పైన పదో నంబరుతో. ఈ నంబర్లలో ఓ వింత, అంకె పెరిగితే సూది సన్నబడుతుంది. కుడిభాగం అంచు అయ్యాక పట్టీ తాలూకు ఎనిమిది కుట్లూ ఆపాలి. హోల్డరు నా దగ్గర లేదు. వెతుక్కుంటూంటే అమ్మ తన గొలుసులోంచి ఓ పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది. "దీనికోసం బజారుకెళ్తావటే!"

(ఈ పిన్నీసు ఇప్పటి రూపానికి 1849లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాయన వాల్టర్ హంట్. అప్పు తీర్చుకోవడానికి హక్కులన్నీ 400 డాలర్లకి అమ్మేశాడట. పాపం, ఆయనెప్పుడూ రాజమండ్రిలో పెళ్ళి చూసి ఉండడు.)

వీపు, చేతులు, ముందు భాగాలు, ఎడమ పట్టీ అన్నీ అయ్యాయి. ఎడమవైపు బొత్తాలు ఎక్కడొస్తాయో చూసుకునే కుడివైపు కాజాలు వెయ్యాలి గనక కుడిపట్టీ ఆఖరుకి మిగిలింది. ఇంతలో నా సీరియల్ మొదలైంది. వారం వారం భాగం పంపాలి. రెండు పూటల పని, రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాను. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందిగా, వచ్చే ఏడు వేసుకుంటాలే," అని అమ్మ రైలెక్కింది. 2009 శ్రావణమాసంలో పోయింది.

సీరియల్ పూర్తయింది, పుస్తకంగానూ వచ్చింది. పట్టీ మాత్రం అలాగే ఉండిపోయింది. హైదరాబాదు వచ్చాక కూడా ఏటా చలికాలం దాన్ని తియ్యడం, నాఫ్తలీన్ ఉండలు మార్చడం, మళ్ళీ పెట్టడం. పిన్నీసు తుప్పు పడితే ఊలు పాడవుతుంది, దారం మీదికి మార్చు అని నేనే పదిమందికి చెప్పాను. నా దానికి మాత్రం చెయ్యి రాలేదు.

2024 జనవరిలో మా అమ్మాయికి కాలేజీలో వీడ్కోలు పార్టీ. మొదటిసారి చీర. నేను ఊళ్ళో మరో పనిమీద వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బీరువా బార్లా తీసి ఉంది. మంచంమీద మెరూన్ ముక్క. పిన్నీసు లేదు!

ఫోన్ చేస్తే, "పాత స్వెట్టరు ముక్కకి ఉంటే తీసుకున్నానమ్మా. నీ గొలుసుకి ఒక్కటైనా ఉంటుందా?" అంది. తిట్టడానికి నోరు తెరిచి మూసుకున్నాను. నిజమే, నా గొలుసుకి ఒక్కటీ లేదు.

కళ్ళజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. పదిహేనేళ్ళు ఒకే తీరున కూర్చున్న కుట్లు, ఆధారం పోయినా అయిదు అలాగే నిలబడ్డాయి. మూడు మాత్రం ఏడెనిమిది వరసలు కిందికి జారాయి. క్రోషా సూది తెచ్చుకుని, సీదా కుట్టుని ముందునించీ, ఉల్టా కుట్టుని వెనకనించీ, ఒక్కో మెట్టే పైకి లాగాను. చెయ్యి వణికింది. గంటపైన పట్టింది. ఎనిమిదీ చేరాక తెల్ల నూలుదారం మీదికి ఎక్కించి రెండు కొసలూ ముడేశాను.

రాత్రి పిల్ల వచ్చింది. కుచ్చిళ్ళు జారాయి గాని, భుజంమీద పైట చెక్కుచెదరలేదు. "ఇదిగోనమ్మా నీ పిన్నీసు," అని తియ్యబోయింది.

"ఉంచుకో, అమ్మమ్మది," అని, ఆ పన్నెండో నంబరు సూదులెక్కడున్నాయో కాస్త వెతికిపెట్టమన్నాను.