తప్పుకూ నకలు

లోపమున్న సరుకు చౌకగా దొరకాలి. నాణేల సేకర్తల లోకంలో ఈ న్యాయం తలక్రిందులవుతుంది. టంకశాలలో యంత్రం తడబడి పుట్టిన లోపం అరుదు. అందుకే ధర హెచ్చు. 'ఐబ్' బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవారికి ఉందని మదరసాలో చదువుకున్న మా అన్నదమ్ములకు, ఆ ఐబ్‌కే వెల కట్టే బేరం మొదట వింతగానే తోచింది.

మేము సేకరించేది నిజాం వెండి రూపాయలను. వాటిపై చార్మినార్, దాని ద్వారంలో ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని తొలి అక్షరం 'ఐన్', ఆసఫ్ జాహీ బిరుదు, 92 అనే అంకె కనిపిస్తాయి. అబ్జద్ లెక్కలో ముహమ్మద్ (స) నామానికి వచ్చే సంఖ్య అది: మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4.

హిజ్రీ 1337 నాటి ఒక రూపాయిని 'బ్రాకేజ్' అంటూ ఒక వ్యాపారి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. అసలుది కాకపోతే తిరిగి తీసుకుంటానని మాట ఇచ్చిన మీదటనే కొన్నాము. మాలో చిన్నవాడి రెండు నెలల పొదుపు అది.

నాణెం వచ్చింది. తూకం సరిగ్గా 11 గ్రాముల పైచిలుకు. అయస్కాంతానికి అంటలేదు. రాతిమీద వేస్తే మోత కమ్మగా ఉంది. వెండి అసలుదే. అయితే మేము డబ్బిచ్చింది వెండికి కాదు గదా!

ముద్రించిన నాణెం అచ్చుకే అతుక్కుపోయి, తరువాతి బిళ్ళ దానిమీద పడినప్పుడు బ్రాకేజ్ పుడుతుంది. ఆ ముఖానికి అచ్చు తగలనే తగలదు. ముందరి నాణెపు బొమ్మ మాత్రం అద్దంలోవలె తిరగబడి, లోతుగా దిగుతుంది. కనుక ఆ ముఖాన ఉబ్బెత్తు అక్షరం ఒక్కటీ ఉండరాదు. భూతద్దం పెట్టి చూస్తే మా రూపాయిపై 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అక్షరాలు ఉబ్బెత్తుగానే ఉన్నాయి, నలిగి చదునై. వాటి మీదుగా తిరగబడిన మినార్ల గీతలు. ఎవరో రెండు రూపాయలను కలిపి వైస్‌లో బిగించారన్నమాట. ఈ మోసాన్ని తూకం పట్టలేదు, ఎందుకంటే వెండి రవ్వంతైనా పోలేదు.

"వెండి అసలుదే కదా భాయ్" అన్నాడు వ్యాపారి. గట్టిగా అడిగితే, "మీరూ ఇలాగే ఫొటో పెట్టి అమ్ముకోండి, లాభమే వస్తుంది" అని సలహా ఇచ్చి, ఆపై పలకడం మానేశాడు.

చిన్నవాడు ఫొటో తీసి చూపాడు. నిజమే, ఫొటోలో నలుగుడు తెలియడం లేదు. ఆ రాత్రి మా ఇంట ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

మరునాడు వాడే ఆ రూపాయిని వెండి ధరకు అమ్మకానికి పెట్టి, 'బ్రాకేజ్ కాదు, టంకశాల బయట వేసిన ముద్ర' అని కింద వ్రాశాడు. ఆ వాక్యం తీసేస్తే మూడింతలు ఇస్తానని ఒకరు సందేశం పంపారు. బదులివ్వలేదు. నాణెం ఇప్పటికీ మా సొరుగులోనే ఉంది. కాగితపు కవరు మీద చిన్నవాడి దస్తూరీలో అదే వాక్యం.