దవడలోని లోహము

విరిగిన ముఖపుటెముకలను కలిపి బిగించుటకు వైద్యులు వాడు ప్లేట్లను, స్క్రూలను తయారుచేయు చిన్న కర్మాగారమొకటి హైదరాబాదు బాలానగరులో నున్నదని విని మా సంపాదకులు నన్నచటికి పంపిరి. యజమానిగారు యంత్రములనన్నిటిని వరుసగా చూపవలెనని ఉత్సహించిరి గాని, టైటానియము కడ్డీ లేతులో దూరి రెండు మిల్లీమీటర్ల లావు స్క్రూలై రాలిపడుట చూచిన పిమ్మట, నేను కిటికీ ప్రక్కనున్న వృద్ధ ఫిట్టరు బల్లయొద్దనే నిలిచిపోతిని.

ఆయన పని చూచుటకు స్వల్పము. ఒక మిల్లీమీటరు మందపు ప్లేటును భూతద్దము క్రింద పట్టుకొని, రంధ్రముల అంచులనంటియున్న లోహపు నూగును సన్నని పనిముట్టుతో గీకి తీయుచుండును. నూగు మిగిలెనా, అది నోటిలోని మెత్తని పొరను కోయును. ఒకింత ఎక్కువ గీకెనా, స్క్రూ తల కూర్చుండవలసిన గుంట చెడును. గీకుట ముగిసిన పిమ్మట బొటనవ్రేలి గోటిని అంచు వెంబడి నడుపును. గోరు తట్టుకొన్నచో మరల పనిముట్టునందుకొనును. ఇట్లు తిరస్కరింపబడిన ప్లేట్లు ఒక రేకుడబ్బాలో నుండెను. వానిలోని దోషము నా కంటికి కనబడలేదు.

ఇంత పలుచని రేకు నమలునప్పటి ఒత్తిడికి తాళునా యని సందేహము కలుగుట సహజము. పూర్వము దవడ విరిగినవానికి పై పండ్లను క్రింది పండ్లతో తీగె వేసి బిగించి, వారముల తరబడి గంజితోను పాలతోను ప్రాణము నిలిపెడివారు. పిమ్మట వచ్చిన మందపు ప్లేట్లను దవడ క్రింది అంచున బిగించుటకు తరచుగా చర్మమునే కోయవలసివచ్చెడిది. 1970వ దశకమున ఫ్రాన్సులో మిషెలే యను వైద్యుడు వాడిన చిన్న ప్లేట్లకు స్ట్రాస్‌బోర్గు వైద్యుడు మాక్సిమ్ షాంపీ శాస్త్రీయమైన పునాది వేసెను. కొరుకునప్పుడు విరిగిన దవడ పై అంచు విచ్చుకొనజూచును, క్రింది అంచు ఒత్తుకొనును. కావున విచ్చుకొనుచోట పలుచని ప్లేటు అడ్డుపడిన చాలును, తక్కిన భారము ఎముకయే వహించును. గడ్డపు ముందుభాగమున మెలిత్రిప్పు బలము కూడ నుండుటచే నచట రెండు ప్లేట్లు వలయును. స్క్రూ వెలుపలి పొరవరకే దిగుటచేత లోపలి నరమునకును పంటి వేళ్ళకును అపాయము తక్కువ. కోత నోటిలోపలనే యగుటచే ముఖమున మచ్చ మిగులదు.

నేనీ ఆలోచనలోనుండగా ఒక యువ వైద్యురాలు చిన్న సీసాతో వచ్చి ఫిట్టరు ముందు పెట్టెను.

"పెద్దయ్యా, ఇవి ఎవరి స్క్రూలో చెప్పగలరా? చీము పట్టిందని నిన్న ప్లేటు తీశాం. ఎక్కడో రెండేళ్ల కిందట వేశారట. కాగితంలో కంపెనీ పేరు లేదు. మా డ్రైవరు ఒక్కటీ కూర్చోలేదు, తలలన్నీ అరిగిపోయాయి."

"మావి కావు మేడం. మాది ప్లస్ గాడి, ఇది ఆరు మూలలది. తల జూస్తే చెప్పొచ్చు గని, కోసినాకనే గద మీకు తల కనవడేది!"

ఆ మాట నన్ను విడువలేదు. పెక్కుమందికి ఈ లోహము యావజ్జీవము దవడలోనే హాయిగా నుండును. చీము పట్టినను స్క్రూ వదులైనను తీయక తప్పదు. 2017 నాటి వైద్య పరికరముల నియమావళి ననుసరించి తయారీదారు పేరు, బ్యాచి సంఖ్య పొట్లముపై ముద్రితమగును. కాని పొట్లము విప్పి స్క్రూలను ట్రేలోని గుంటలలో నింపిన నాడే ఆ ముద్ర చెత్తబుట్ట పాలగును; ఖాళీయైన గుంటలో మరియొక కంపెనీ స్క్రూ చేరినను అడుగువారుండరు.

కంచన్‌బాగులో 1973లో స్థాపితమైన మిశ్ర ధాతు నిగమము టైటానియము మిశ్రలోహములను తయారుచేయుచున్నది. పనిముట్ల రూపకల్పన నేర్పు కేంద్ర సంస్థ 1968 నుండి ఈ బాలానగరుననే కలదు. లోహమునకు గాని నేర్పునకు గాని కొఱతలేని ఈ నగరమున కొఱతపడినది ఒక్క పంక్తి వ్రాత: తయారీదారు, స్క్రూ కొలత, తల ఆకారము. బిల్లును పైసలతో సహా వ్రాసియిచ్చు ఆసుపత్రికి, రోగి ముఖములో శాశ్వతముగా నుంచిన లోహమెవరిదో వ్రాయుటకు తీరిక లేదనుట నేనంగీకరింపను.