బుధవారం నర్సమ్మ

కోనసీమలో మా ఊరి ఉపకేంద్రం అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు. ఓ బల్ల, ఓ బీరువా, గోడమీద కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం. డాక్టరుగారు ఉండేది మండల కేంద్రంలో. మాకు ఆసుపత్రంటే నర్సమ్మే.

1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. ఆ దశాబ్దం చివర్లో మా ఊళ్లో బుధవారం వస్తే ఆవిడ ఐసు ప్యాకుల పెట్టె భుజాన వేసుకుని బల్లకట్టు మీద కాలువ దాటి వచ్చేది. పిల్లలం చల్లదనం కోసం మూత చుట్టూ మూగితే కసిరేది. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి మరి. తట్టు టీకా ఒకసారి కలిపితే కొద్ది గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే పారబొయ్యాలి. అందుకని ముందు మమ్మల్ని ఇళ్లకు తరిమేది. "ఒరే, రేవు పక్కింటి పాపకి తొమ్మిదో నెల నిండింది. వాళ్లమ్మని పిలుచుకురా!"

తమ్ముడికి సూది వెయ్యనివ్వనని నాయనమ్మ పట్టుబట్టింది. బాగున్న బిడ్డకి మందేమిటని ఆవిడ బాధ. నర్సమ్మ వాదించలేదు. "రాత్రికి కాస్త జ్వరం రావచ్చు పెద్దమ్మగారూ, భయపడకండి. పొద్దున్నే నేనొచ్చి చూస్తాను" అంది. జ్వరం వచ్చింది. తెల్లారేసరికి ఆవిడా వచ్చింది. మరుసటి నెల తమ్ముణ్ణి చంకనేసుకుని నాయనమ్మే ముందు నడిచింది.

గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇచ్చి ఊరుకునేది కాదు. మళ్లీ వచ్చినప్పుడు మిగిలినవి లెక్కపెట్టేది. విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసినవాళ్ల పక్కన అరుగుమీద కూర్చుని, అది మాత్ర వల్లేనని, జబ్బు కాదని ఓపిగ్గా చెప్పేది. మైదాన ప్రాంతంలో ఐదువేల జనాభాకో ఉపకేంద్రం అని సర్కారు లెక్క. అంతమందిని ఒక మనిషి పేరుపేరునా ఎరిగి ఉండొచ్చని ఆవిణ్ణి చూశాకే నమ్మాను.

ఇప్పుడు మా ఉపకేంద్రానికి సొంత డాబా ఉంది. బీపీ, షుగరు అక్కడే చూస్తున్నారు. ఎంత మేలో! ఇంటింటికీ తిరగడానికి ఆశా అమ్మాయి కూడా ఉంది. అయితే "పాపం, దానికి రాతపనే సరిపోతోందిరా" అంటుంది అమ్మ. ఆ రాతపని తగ్గించాలి. ఊరు అలవాటుపడిన నర్సుని అయినదానికీ కానిదానికీ బదిలీ చెయ్యకూడదు. ఉపకేంద్రానికి ఇంకా ఏం కావాలని ఎవరు అడిగినా ముందు నేను చెప్పేవి ఈ రెండే.